ముక్కుతో కొనాల్సిన బెల్లం: గజపతి జిల్లా ఈత బెల్లం ఎలా ఉంది, ఎలా వాడాలి

డిసెంబరు వచ్చిందంటే ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి, కాశీనగర్, ఆ పక్కనే ఉన్న గుణుపురం సంతల్లో రెండు బెల్లాలు పక్కపక్కన కూర్చుంటాయి. ఒకటి ఏడాది పొడవునా చూసే చెరకు బెల్లం. రెండోది ముదురు గోధుమ రంగులో, పైన వెడల్పుగా, కింద సన్నంగా ఉండే పలకల్లో వస్తుంది. ఒడియావాళ్ళు దాన్ని ఖొజురీ గుడొ అంటారు, మనవాళ్ళు ఈత బెల్లం అంటారు. 2024లో ఒడిశా ఖజూరీ గుడకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కొరాపుట్ కాలాజీరా బియ్యం, నయాగఢ్ కంటెయిముండి వంకాయ, సిమిలిపాల్ చీమల చట్నీలకూ అప్పుడే వచ్చింది. ఆ తర్వాత బెల్లం పేరు పెరిగింది, పేరుతో పాటు నకిలీ కూడా పెరిగింది. అందుకే ఈ సమీక్ష.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. కొందరు దుకాణదారులు దీన్నే ఖర్జూర బెల్లం అని అమ్ముతారు. మనం తినే ఖర్జూరపు పండ్లకూ దీనికీ సంబంధం లేదు. గట్ల మీద, పొలాల అంచుల్లో పెరిగే మన ఈత చెట్టు రసమే ఇది. తాటి బెల్లం వేరు. తాటి రసం చలి తగ్గి ఎండ ముదిరాక జోరుగా వస్తుంది. ఈత చెట్టుకి చలే కావాలి, కాబట్టి దాని కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. కొండ ఊళ్ళలో సవరలు ఇష్టంగా తాగే జీలుగు కల్లు మూడో చెట్టుది. ఏప్రిల్‌లో ఎవరైనా "కొత్త ఈత బెల్లం" అంటే అది పోయిన చలికాలపు సరుకైనా అయ్యుండాలి, ఇంకేదైనా అయ్యుండాలి.

తీపి కోసమైతే ఈ బెల్లం కొననక్కర్లేదు. తీపి చెరకు బెల్లంలో ఇంకా చవకగా దొరుకుతుంది. దీనికి ఎక్కువ డబ్బు పెట్టేది వాసన కోసం: కాస్త పొగ, కాస్త మాడిన పాల మీగడ, వెనకనుంచి పూల లాంటి ఒక తేలిక వాసన. ఆ వాసన ఎంత బలంగా ఉందో అంతే దాని విలువ. అది వేడికి పోతుంది, గాలికి పోతుంది, నెలలు గడిస్తే పోతుంది. ఎంత కొనాలి, దేంట్లో వేయాలి, ఎప్పుడు వేయాలి అన్న లెక్కలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

తయారీలో కొనేవాళ్ళకి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. గీసేవాళ్ళు చెట్టు మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టేసి, మెత్తటి భాగాన్ని పలచగా చెక్కుతారు. చెక్కిన చోట వెదురు గొట్టం దిగ్గొట్టి, సాయంత్రం కుండ కట్టి, తెల్లవారకముందే దింపుతారు. రెండు మూడు రోజులు గీశాక చెట్టుకి కొన్నాళ్ళు విశ్రాంతి. ఒక ఏడాది ఒక పక్క, మరుసటి ఏడాది ఎదురు పక్క. పాత ఈత చెట్టు మాను మెట్లు మెట్లుగా వంకర తిరిగి కనిపిస్తే అది ఆ గీతల లెక్కే. విశ్రాంతి తర్వాత వచ్చే మొదటి రాత్రి రసం తేటగా, అన్నిటికంటే తియ్యగా ఉంటుంది. దాంతో వండిన బెల్లానికే వాసన ఎక్కువ.

రసంలో నీళ్ళే ఎక్కువ. కిలో బెల్లానికి ఎనిమిది నుంచి పది లీటర్లు మరగాలి. ఎంత కట్టె కాలుతుందో, ఎన్ని గంటలు పొయ్యి దగ్గర కూర్చోవాలో ఊహించుకోండి. చెరకు బెల్లం ధరకే ఈత బెల్లం ఇస్తానంటే నమ్మకూడదని చెప్పేది అందుకే. ఆ ధరకి కట్టెల ఖర్చు కూడా రాదు.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం. ఈ బెల్లం కొనేముందు సంతను కాదు, ఆకాశాన్ని చూడాలి. రాత్రి మబ్బు లేకుండా, చలి గట్టిగా ఉంటే రసం తేటగా దిగుతుంది. మబ్బు పట్టినా, వాన పడినా, వాతావరణం వెచ్చబడినా కుండలోనే పులుపు మొదలవుతుంది. ఈస్టు అందులోని చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది, ఆమ్లం పెరుగుతుంది. అలాంటి రసం ఎంత కాచినా సరిగా గడ్డ కట్టదు. బంకలా సాగుతుంది, నాలుక చివర పులుపు తగులుతుంది. దాన్ని దాచడానికి కొందరు సున్నం ఎక్కువ కలుపుతారు. కుండ లోపల పలచగా సున్నం పూయడం, కుండకి పొగ పట్టించడం పాత పద్ధతులే, తప్పు కాదు. మోతాదు మించితే మాత్రం రంగు నల్లబడి, నోట్లో సబ్బు లాంటి చవి మిగులుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు ముసురు కురిసిందంటే ఆ వారం సంతలో కొనకండి. ఆకాశం విచ్చి, నాలుగైదు రాత్రులు చలి పడ్డాక వచ్చే సంతకి వెళ్ళండి. డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాకా దొరికే సరుకే ఈ బెల్లంలో తలమానికం.

పలక ఎంచుకోవడం ఇలా. ముందు అంచుని బొటనవేలితో నొక్కండి. అసలైన ఈత బెల్లం కాస్త లొంగుతుంది, గట్టిగా నొక్కితే పొడిపొడిగా విరుగుతుంది. రాయిలా ఉండి, విరిచినచోట గాజు ముక్కలా తళతళలాడితే పంచదార కలిసిందని అనుమానించాలి. పంచదార కలిపితే పలక త్వరగా బిగుస్తుంది, చూపుకి అందంగా ఉంటుంది, రవాణాలో విరగదు. వాళ్ళు కలిపేది దానికే. తర్వాత రంగు. లేత బంగారు రంగు చూసి మురిసిపోకండి. ఈ జిల్లా బెల్లం సహజంగానే ముదురు రంగు. చెరకు బెల్లంలో తెల్లటి రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వాడే అలవాటు ఎప్పటినుంచో ఉంది, ఆ ఆశే ఇక్కడా చొరబడుతోంది.

వాసన చూసే పద్ధతి కూడా ఉంది. పలక పైభాగం గాలి తగిలి వాసన కోల్పోయి ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్ళని అడిగి ఒక మూల విరిపించండి. విరిచిన చోట ముక్కు పెట్టండి. దూరం నుంచే గుప్పుమని కొట్టి, నోట్లో వేసుకుంటే వట్టి తీపి మిగిలితే అది సీసాలోని ఎసెన్సు పని. మంచి బెల్లం దగ్గరకి తెస్తేనే వాసనిస్తుంది, నోట్లో కరిగాక ఇంకా పెరుగుతుంది. ఇంటికి తెచ్చాక ఒక చెంచా పొడిని గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున కొంచెం నలుసులు, ఒకటి రెండు చీమలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వడకట్టుకోవచ్చు. తెల్లటి పిండిలా పేరుకుంటే మాత్రం సుద్దో, ఎక్కువైన సున్నమో అయ్యుంటుంది. ఇంకోసారి ఆ కొట్టు వైపు పోనక్కర్లేదు.

కొన్ని పలకలు లోపల సన్నటి ఇసుక రవ్వలా ఉంటాయి, కొన్ని నున్నగా ఉంటాయి. రవ్వగా ఉన్నదాన్ని చూసి పంచదార అని తిరగ్గొట్టేవాళ్ళున్నారు. అది పొరపాటు. పాకం దించే ముందు వండేవాళ్ళు కొంచెం పాకాన్ని బాణలి అంచుకి గరిటెతో రుద్దుతారు. అక్కడ అది తెల్లబడి సన్నటి గింజలు కడుతుంది. దాన్ని మళ్ళీ పాకంలో కలిపితే ఆ గింజలే తోడులా పనిచేసి మొత్తం గడ్డ కడుతుంది. రుద్దడం ఎక్కువైతే రవ్వ, తక్కువైతే నునుపు. రుచికి నునుపుదే మేలు, నిల్వకి రవ్వది మేలు.

పలక కాక పానకం రూపంలో కూడా అమ్ముతారు. గడ్డ కట్టే ముందే దించేసిన తేనె లాంటి బెల్లం ఇది. వాసనలో దీన్ని కొట్టేది లేదు, తక్కువ కాగుతుంది కాబట్టి. ఒడియావాళ్ళ దోసె లాంటి చకులి పిఠా మీదికి, మన దిబ్బరొట్టె, మినపట్టు మీదికి ఇది తప్ప ఇంకేదీ వద్దనిపిస్తుంది. కానీ ఇందులోనే మోసమూ ఎక్కువే. పలకని విరిచి చూడొచ్చు, పానకాన్ని ఏం విరుస్తాం? ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుద్దండి. వాసన ముక్కుకి అంది, చెయ్యి కడుక్కున్నాక కూడా కొంచెం మిగలాలి. చలికి అడుగున రవ్వ కట్టడం తప్పు కాదు, గోరువెచ్చటి నీళ్ళలో సీసా నిలబెడితే కరుగుతుంది. పైన నురుగు, సన్నటి బుడగలు, మూత తీస్తే బుస్సుమనే చప్పుడు ఉంటే మాత్రం పులుపు ఎక్కినట్టు. పాత నీళ్ళ సీసాల్లో, మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి ఇచ్చే పానకం కొనొద్దు. వేడిగా పోస్తే సంచి వాసన బెల్లానికి పడుతుంది, చల్లారాక పోస్తే తడి చేరుతుంది. గాజు సీసా మీరే తీసుకెళ్ళండి, అది ఎండలో బాగా ఆరి ఉండాలి.

తెల్లవారుజామున దొరికే పచ్చి ఈత నీర గురించి కూడా ఒక మాట. మంచు కురిసే వేళ చల్లటి నీర రుచి వేరే, కాదనలేం. కానీ కట్టిన కుండల మీద రాత్రి గబ్బిలాలు వాలి తాగుతాయి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాల నుంచి నిపా వైరస్ మనుషులకి సోకిన దారుల్లో పచ్చి ఈత రసం ఒకటని తేలింది. కుండ మూతికీ గీత మీదికీ వెదురు తడికో, గుడ్డో కప్పిన చెట్టుదైతే ఆలోచించండి, లేకపోతే వద్దు. ఎండెక్కాక తెల్లబడి నురుగు పట్టిందంటే అప్పటికే కల్లు దారి పట్టింది. కాచిన బెల్లానికి ఈ భయం లేదు.

వాడకానికి వస్తే, పొయ్యి ఎక్కని వంటకే దీన్ని మొదట వాడాలి. ఆ లెక్కన ఒడియావాళ్ళ మకర చౌళకి మించింది లేదు. సంక్రాంతికి దేవుడికి పెట్టే ఈ ప్రసాదం ఇప్పుడు సరిహద్దు తెలుగిళ్ళలో కూడా చేస్తున్నారు. పావుకిలో కొత్త పచ్చి బియ్యం రెండు గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వార్చి, బరకగా దంచాలి. మిక్సీలో వేస్తే రెండు తిప్పులకి మించొద్దు, పేస్టు అయితే పోయినట్టే. అందులో 150 గ్రాముల తురిమిన ఈత బెల్లం, ఒక చెక్క కొబ్బరి తురుము, రెండు బాగా పండిన అరటిపళ్ళు, 100 గ్రాముల ఛెనా (విరిచిన పాల ముద్ద), చెంచాడు వేయించిన నువ్వులు, కొంచెం అల్లం తురుము, చిటికెడు మిరియాల పొడి వేసి చేత్తో కలపాలి. కాచి చల్లార్చిన పాలు తినేముందు, కొద్దికొద్దిగా. ముందే పోసి గంటలు ఉంచితే బియ్యం పాలన్నీ పీల్చుకుని ముద్ద అయిపోతుంది. చేసిన పూటే తినేయాలి, నానిన పచ్చిబియ్యం సాయంత్రానికి పులుస్తుంది.

రెండో స్థానం పాయసానిది. కాలాజీరా బియ్యం దొరికితే వదలకండి. వడ్లు నల్లగా, చిన్నగా జీలకర్రను తలపిస్తాయి. బియ్యానికి సొంత వాసన ఉంటుంది. లీటరు చిక్కటి పాలకి 75 గ్రాముల బియ్యం, 150 గ్రాముల బెల్లం సరిపోతాయి. బియ్యం అరగంట నానబెట్టి, మరుగుతున్న పాలలో వేసి, సన్నటి మంట మీద కలుపుతూ నలభై నిమిషాలు ఉడకనివ్వాలి. గింజ వేళ్ళ మధ్య నలిగే దాకా బెల్లం ఊసెత్తొద్దు. ముందే వేస్తే గింజ మెత్తబడటం ఆగిపోతుంది, ఆ తర్వాత గంట ఉడికించినా లోపల పలుకే. పాలు విరగడం ఇంకో తలనొప్పి. బెల్లంలో ఆమ్లం, లవణాలు రెండూ ఉంటాయి, మరిగే పాలకి అవి పడవు. గిన్నె దించి పది నిమిషాలు ఆగండి. ఈలోగా బెల్లాన్ని మూడు చెంచాల వేడినీళ్ళలో కరిగించి, వడకట్టి, చల్లారనివ్వండి. పాయసంలో వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగేంత వేడికి వచ్చాక సన్నటి ధారగా పోసి కలపండి. ఏలకులు వద్దు. పచ్చకర్పూరం అసలే వద్దు. జీడిపప్పు నేతిలో వేయించి వేసుకుంటే చాలు. ఏలకులు లేని పాయసం ఏమిటని పెద్దవాళ్ళు అంటారు. ఒక్కసారి అలా పెట్టి చూడండి, మళ్ళీ అడగరు.

ఇక అరిసెలు. సంక్రాంతి అనగానే అందరూ ఈ బెల్లం కొనేది వీటికే, చేతులు కాల్చుకునేదీ వీటితోనే. అచ్చంగా ఈత బెల్లంతో అరిసెలు చేయొద్దన్నది మా తీర్పు. కారణాలు రెండు. ఇందులో గ్లూకోజు, ఫ్రక్టోజు వంతు ఎక్కువ కాబట్టి పాకం బిగిసినట్టే బిగిసి మళ్ళీ సాగుతుంది, నూనెలో త్వరగా నల్లబడుతుంది. పైగా పాకం మరిగేసరికి మనం డబ్బు పెట్టిన వాసనలో సగం వంటింటి కిటికీలోంచి పోతుంది. కలిపి వాడితే మాత్రం బ్రహ్మాండం. కిలో బియ్యానికి 450 గ్రాముల మంచి చెరకు బెల్లం, 275 గ్రాముల ఈత బెల్లం.

బియ్యం విషయంలో ఇక్కడ ఒక సరిహద్దు చిక్కుంది. ఒడిశా కొట్లలో అరువా, ఉసునా అని రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. అరువా అంటే పచ్చి బియ్యం, ఉసునా అంటే ఉప్పుడు బియ్యం. దాని పిండి పాకంలో అతుక్కోదు, అరిసె నూనెలో విచ్చుకుపోతుంది. దొడ్డు అరువా అని అడిగి తీసుకోండి. ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. వార్చి, గుడ్డ మీద పరిచి అరగంట ఉంచితే చేత్తో పట్టుకున్నప్పుడు తడి తెలుస్తూ, నీరు అంటకుండా ఉంటుంది. అప్పుడే మరకి తీసుకెళ్ళాలి. జల్లించిన పిండిని గట్టిగా అదిమి మూతపెట్టండి. పిండి ఆరితే అరిసె చిట్లుతుంది.

చెరకు బెల్లాన్ని అరగ్లాసు నీళ్ళతో కరిగించి వడకట్టి పొయ్యి మీద పెట్టండి. అది తీగ పాకానికి వచ్చాక ఈత బెల్లం పొడి వేయండి. రెండూ ఒకేసారి వేయకపోవడంలోనే కిటుకు ఉంది: ఆలస్యంగా వేస్తే మరిగే సమయం తగ్గి వాసన నిలుస్తుంది. రంగు చూసి పాకం అంచనా వేసే అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు, మొదటినుంచీ రంగు ముదురే కాబట్టి. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూడటం ఒక్కటే దారి. చుక్క కరగకుండా వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవ్వాలి, చేతిలోకి తీసుకుంటే నిదానంగా వాలాలి. చెరకు బెల్లంతో ఆపే చోటు కంటే ఒక్క పొంగు ఎక్కువ ఉంచి దించండి. రెండు చెంచాల నెయ్యి, నువ్వులు వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ చలిమిడి ముద్దలా వచ్చేదాకా కలిపి, మూతపెట్టి గంటసేపు వదిలేయండి. నూనె మధ్యస్థంగా కాగాలి. మామూలు అరిసెల కంటే మంట ఒక మెట్టు తగ్గించాలి, లేకపోతే పైన నలుపు, లోపల పచ్చి. మొదటి అరిసె నూనెలో విడిపోతే పాకం లేతది. ముద్దలో ఇంకో గుప్పెడు తడిపిండి కలిపి చూడండి. గట్టిగా వస్తే పాకం ముదిరింది. చెంచా వేడిపాలు చల్లి మర్దన చేస్తే కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. ఇవి మామూలు అరిసెల కంటే మెత్తగా ఉంటాయి. కానీ తడిని పీలుస్తాయి కాబట్టి డబ్బాలో కాగితం వేసి పేర్చాలి.

నువ్వుండలు, మరమరాల ఉండలకి ఈ బెల్లం దండగ. ముదురు పాకం కావాలి, ఇది ఇవ్వదు. రెండో రోజుకే ఉండలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఎండూరి పిఠా మీద వాదం ఉంది. ఒడియా ఇళ్ళలో ప్రథమాష్టమికి, ఇంటి పెద్ద బిడ్డ ఆయుష్షు కోసం, పసుపాకులో బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండి వేసి, కొబ్బరి, ఛెనా, బెల్లం లోపల పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. వాళ్ళకి అది మార్గశిర కృష్ణాష్టమి. మన పంచాంగంలో అదే రోజు కార్తీక బహుళ అష్టమి. వాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. ఆనాటికి ఈత బెల్లం సంతలోకి అప్పుడప్పుడే వస్తుంటుంది, దానికి ఇంకా పస ఉండదు. పైగా పసుపాకు ఘాటు ముందు ఇది వినిపించదు. మార్కెట్లో "ఈత బెల్లంతో చేసిన ఎండూరి" అని ఎక్కువ ధర చెబితే ఇవ్వక్కర్లేదు. చెరకు బెల్లంతో చేసిందే బాగుంటుంది.

కాఫీకి మాత్రం ఈ బెల్లం సరిజోడు. కొరాపుట్ కొండల కాఫీ పొడి, చికోరీ కలపనిది, దొరికితే చిక్కటి డికాక్షన్ తీసి, పాలు పోయకుండా, ఒక కప్పుకి రెండు చెంచాల పానకమో, పది గ్రాముల పొడో వేసుకోండి. పొగ వాసనకి పొగ వాసన తోడవుతుంది. పాల కాఫీ, టీలలో అయితే గ్లాసులోకి వంపాకే వేయాలి, గిన్నెలో వేసి మరిగిస్తే విరుగుతుంది. వేడి చోడి (రాగి) అంబలిలో, చోడి రొట్టె మీద కూడా బావుంటుంది.

నిల్వ దగ్గర చాలామంది చేసే తప్పు ఫ్రిజ్. పలకని ఊరికే ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ పెడుతూ ఉంటే బయటికి తీసిన ప్రతిసారీ చెమట పడుతుంది, ఆ తడికి పైపొర జిగటగా మారి పదిహేను రోజుల్లో బూజు. చలి ఉన్నంతకాలం ఎండిన అడ్డాకులోనో మామూలు కాగితంలోనో చుట్టి, స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెడితే చాలు. అచ్చుకాగితం వద్దు, సిరా అంటుతుంది. ఎండాకాలానికి దాచాలంటే వంద గ్రాముల ముక్కలుగా కోసి, గాలి చొరబడని డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. వాడే రోజు డబ్బా మూత తీయకుండా బయటపెట్టి, పూర్తిగా చల్లదనం పోయాకే తెరవండి. పానకం ఫ్రిజ్‌లోనే ఉండాలి, తడి చెంచా ముంచకూడదు, రెండు నెలల్లో ఖాళీ చేయాలి. పులిసిన వాసన వస్తే మళ్ళీ కాచి బాగుచేద్దామనుకోకండి. పులుపు ఆగుతుందేమో గానీ వాసన తిరిగి రాదు.

ఒక ఇంటికి చలికాలం మొత్తానికి రెండు కిలోలు ఎక్కువే. సంతకి అరకిలో చొప్పున, వేర్వేరు వారాల్లో కొనుక్కోవడం మేలు. ఒక వంట బాగుంటుంది, మరో వంట తేలిపోతుంది. ఈ బెల్లానికి ఉన్న అతి పెద్ద లోపం అదే. ఒకే ఊరి సరుకులోనే ఈ వారం పలక మెత్తగా, వచ్చే వారం పలక పుల్లగా ఉండొచ్చు. ప్యాకెట్లలో వచ్చేదాని మీద చాలాసార్లు ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది గానీ వండిన తేదీ ఉండదు. మనకి కావాల్సింది రెండోది. భౌగోళిక గుర్తింపు ముద్ర ఉంటే సరుకు ఎక్కడిదో తెలుస్తుంది, ఆ వారం వంట ఎలా కుదిరిందో తెలియదు. అందుకని సంతలో చాప మీద కూర్చుని అమ్మే ముసలమ్మ దగ్గర "ఎప్పటి వంట, మామ్మా?" అని అడిగి, మూల విరిచి చూసి కొనడమే ప్యాకెట్ కంటే నయం. శ్రీకాకుళం వైపు వాళ్ళకి పెద్ద ప్రయాణమేం కాదు. పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడే, నౌపడా–గుణుపురం రైలు కూడా ఈ దారినే పోతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ఈత బెల్లమైనా, తాటి బెల్లమైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే. "ప్రకృతి సిద్ధం" అని అట్ట మీద రాసి ఉందని గ్లాసులకి గ్లాసులు పోసుకోవద్దు. ఇనుము బోలెడు ఉందనే మాట కూడా అమ్మకం మాటే. మనం తినే పది, ఇరవై గ్రాములతో రక్తం పట్టేదేం లేదు.

శివరాత్రి దాటాక పలక ఇంకా మిగిలితే పైపొర చెమ్మగిల్లి సాగడం మొదలవుతుంది. అప్పటికి వాసన సగమే ఉంటుంది కాబట్టి పాయసానికి దాచుకోకండి. బూజు లేకపోతే దాన్ని కొత్త చింతపండు గుజ్జులో వేసి, ఉప్పు, ఎండుమిరప, జీలకర్ర చేర్చి దగ్గరగా ఉడికించండి. పకోడీలకీ, ఉడకబెట్టిన చిలగడదుంపలకీ నంజుకోవడానికి ఆ పచ్చడి నెలరోజులు వస్తుంది.